అన్న పేరు మీద మా గల్లీ మొక్కు

మా పక్కింటి అన్న పోయాడని ఆయన భార్యే ఫోన్ చేసి చెప్పింది. నేను సైదాబాద్‌లో పాఠాలు చెప్పే బడికి బయల్దేరుతున్నాను. "మీ అన్న లేడమ్మా. దుకాణంల కూసున్నకాడనే పోయిండట" అంది వదిన. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉంది. పొద్దున్నే షట్టర్ ఎత్తి, అగరొత్తులు వెలిగించి, స్టూలు మీద కూర్చున్నాడట. ఓనరు వచ్చి పిలిస్తే పలకలేదట.

నేను ఆటోలో లాల్‌దర్వాజా చేరేలోపే మా కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోయింది. ముందు దండం పెట్టే బొమ్మలు, తర్వాత స్కోర్లు. యూనివర్సిటీ ఫైనల్లో సగం పాయింట్లు అన్న ఒక్కడే కొట్టాడని ఒకాయన. సగమేంది, ముప్పాతిక అని ఇంకొకాయన. చివరి బాస్కెట్ సగం కోర్టు నుంచి కళ్ళు మూసుకుని వేశాడని మూడో ఆయన. ఆ మ్యాచ్ నేనూ చూశాను. అన్న కళ్ళు తెరుచుకునే ఆడాడు. కళ్ళు మూసుకున్నది మేము.

అన్నను బాస్కెట్‌బాల్ ఆడుతుండగా చూడనివాళ్ళకి ఆ రోజులు ఎలా చెప్పాలో నాకు తెలీదు. మా కాలేజీ కోర్టు సిమెంటుది, ఒక మూల పగిలి గడ్డి మొలిచేది. అబ్బాయిలు ప్రహరీ గోడ మీద వరసగా కూర్చునేవాళ్ళు. అమ్మాయిలం మేడ మీద కెమిస్ట్రీ ల్యాబు కిటికీలకు వేలాడేవాళ్ళం. అన్న ఫ్రీత్రో వేయడానికి నిలబడితే గేటు దగ్గర మరమరాలు కలిపే ముసలాయన కూడా గరిటె ఆపేసేవాడు. అన్న వంగి, కుడిచేత్తో రెండు బూట్ల అడుగులూ తుడుచుకుని, బాల్ అందుకునేవాడు. అది వలలోంచి జారేదాకా ఎవరమూ ఊపిరి తీసుకునేవాళ్ళం కాదు. తర్వాత లేచే అరుపులకు కిటికీ అద్దాలు అదిరేవి.

నాకు మాత్రం అంతకంటే ఇష్టమైనది ఇంకోటి ఉంది. బాస్కెట్ పడగానే అందరూ అన్నవైపు చూస్తే, అన్న వెనక్కి తిరిగి పాస్ ఇచ్చినవాణ్ణి వెతికేవాడు. వేలు పెట్టి వాణ్ణి చూపించేవాడు. ఒకసారి ఎందుకలా అని అడిగాను. "బాస్కెట్ ఇద్దరిది చెల్లె. ఇచ్చినోడు లేకుంటే నేను ఉట్టిగ ఎగిరిన అన్నట్టే గద" అన్నాడు. గ్రూపులో వచ్చిన అన్ని స్కోర్లలో ఈ సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ అన్న ఇండియా టీము క్యాంపుకు ఎందుకు వెళ్ళలేదన్నది ఇప్పుడు చెప్పాలి. గ్రూపులో అందరి దగ్గరా ఒకే జవాబు ఉంది: సెలక్షన్లో రాజకీయం, పీడీ సారు మోసం. అది అబద్ధం. అన్నను బతికినన్నాళ్ళూ లోపల తినేసిన అబద్ధం.

మా కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సారే అన్నను హైస్కూలు గ్రౌండులో చూసి, ఫీజు మాఫీ చేయించి కాలేజీకి తెచ్చాడు. జాతీయ క్యాంపు సెలక్షన్లకు తనే రైల్లో వెంటపెట్టుకుని వెళ్ళాడు. వాళ్ళు అటు రైల్లో ఉండగా ఇటు మా గల్లీ యూత్ సంఘం ప్రెసిడెంటు గుళ్ళో కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డాడు. "తల్లీ, మా అన్న క్యాంపుకు పోతే, ఈ బోనాలకు ఫలహారం బండి ముందల అన్నతోనే పోతరాజు ఆడిపిస్తం" అని మొక్కాడు. ఆయన వెనకాల, కాలేజీ గోడ మీద కూర్చునే బ్యాచ్ మొత్తం జై కొట్టింది. ఆడాల్సినవాణ్ణి అడగాలని ఒక్కరికీ తోచలేదు. ప్రేమ అంత ముదిరితే ఎదుటి మనిషి ఇష్టాయిష్టాలు గుర్తుండవు కాబోలు.

తల్లి విన్నది. అన్న సెలెక్ట్ అయ్యాడు. పీడీ సారు స్కూటర్ మీద కోవా డబ్బా పెట్టుకుని మా గల్లీకి వచ్చాడు. వెళ్ళేటప్పుడు అన్న భుజం పట్టుకుని, "క్యాంపుకు పొయ్యేదాక కాలు భద్రం బిడ్డా. సైకిల్ గూడ తొక్కకు" అన్నాడు. మా అరుగు మీద నిలబడి నేను విన్న మాట ఇది.

ఆ సాయంత్రమే ప్రెసిడెంటు వచ్చి మొక్కు సంగతి చెప్పాడు. అన్న మొహం మాడిపోయింది. "క్యాంపు అయినంక, వచ్చే యేడు ఆడుత భాయ్" అన్నాడు.

"తల్లి ముందుగాల ఇచ్చింది. నువ్వు వచ్చే యేడు ఇస్తనంటవా? ఏమన్న అయితే ఎవరు జిమ్మేదారి?" అన్నాడు ప్రెసిడెంటు.

అమ్మవారి తమ్ముడిగా నైవేద్యాల బండి ముందు ఆడే పోతరాజు వేషం కట్టే ఇల్లు మా బస్తీలో వేరే ఉంది. తాతల నాటి నుంచి వాళ్ళదే. వాళ్ళని కూడా బతిమాలి ఒప్పించేశారు. అయినా అన్న కాదనేవాడేమో గానీ, వాళ్ళమ్మ భయపడిపోయింది. "మొక్కింది ఎవరైతేంది బిడ్డా, పేరు నీదే గద. ఒక్క పూట ఆడి రా" అని కన్నీళ్ళు పెట్టుకుంది. దాంతో అన్న ఒప్పుకున్నాడు.

ఆ రోజు అన్న ఎంత బాగున్నాడో చెప్పకపోతే పాపం. ఆరడుగులు దాటిన ఒంటికి పసుపు, నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు, చేతిలో కొరడా. తీన్మార్ డప్పుకు ఆయన కాలు లేస్తుంటే మేడల మీద ఆడవాళ్ళం చేతులు జోడించాం. చిన్నగా వాన పడుతోంది. రోడ్డంతా పసుపునీళ్ళు, తొక్కిన నిమ్మకాయలు. మలుపు దగ్గర బ్యాచ్‌కు పూనకం కంటే పెద్దదేదో వచ్చింది. మ్యాచ్ గెలిచిన ప్రతిసారీ చేసినట్టే, ఒక్క అరుపు అరిచి అన్నను భుజాల మీదికి ఎత్తేశారు. పోతరాజును అట్లా ఎత్తరు. "దించున్రి, దించున్రి" అని ముసలమ్మలు మొత్తుకున్నారు. ఎవడిదో కాలు జారింది. అందరూ కలిసి పడ్డారు, అన్న మీదే పడ్డారు. కుడి మోకాలు కింద ఉండిపోయింది.

అన్న అరిచాడు. ఆ అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. డప్పులు ఆగలేదు. ఇంకా జోరందుకున్నాయి, ఎందుకంటే అది పూనకం అనుకున్నారు. నొప్పితో నేల మీద కొట్టుకుంటున్న మనిషి మీద పసుపునీళ్ళు పోశారు, పళ్ళ మధ్య నిమ్మకాయ పెట్టారు, కాళ్ళకు మొక్కారు. విరిగిన కాలికి కూడా మొక్కారు. లేవలేడని తెలిసేసరికి బండి గుడి దాకా వెళ్ళిపోయింది.

ముందు కట్టు కట్టే ఆయన దగ్గరికి, తర్వాత పెద్ద డాక్టరు దగ్గరికి. క్యాంపు రోజు వచ్చింది, వెళ్ళింది. స్టాండ్‌బైలో ఉన్న వేరే కాలేజీ అబ్బాయి అన్న స్థానంలో వెళ్ళాడు. ఆ అబ్బాయి కూడా ఆదివారాలు పీడీ సారు దగ్గరే ఆట నేర్చుకునేవాడు. ఇంకేం కావాలి? అమ్మవారి పేరు మీద జరిగినదాన్ని తప్పు అనడానికి ఎవరికి నోరొస్తుంది? ఎవరో ఒకరు దోషి కావాలి కదా. కాలు క్యాంపు నాటికి బాగయ్యేదే, పాతబస్తీ పిల్లగాడని సారే పేరు కొట్టేశాడన్నారు, శిష్యుణ్ణి పంపుకున్నాడన్నారు. అన్న మంచం మీద ఉండగానే సారు స్కూటర్‌కు చెప్పుల దండ వేశారు. ఏడాది తిరక్కుండా సారు ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని జిల్లాకు వెళ్ళిపోయాడు.

అన్న ఊరుకోలేదు. కర్ర పట్టుకుని నడవడం మొదలైన దగ్గర్నుంచీ చెప్తూనే ఉన్నాడు. "నా పేరు ఎవ్వరు కొట్టెయ్యలే. సారు దేవునసొంటోడు. నా కాలు మన బోనాల్ల పోయింది" అని. వినేవాళ్ళు తల ఊపి, "అన్నది మస్తు పెద్ద మనసు. ముంచినోన్ని గూడ ఒక్క మాట అనడు" అనేవాళ్ళు. చెప్పినకొద్దీ అన్న గొప్పవాడయ్యాడు, సారు ఇంకా చెడ్డవాడయ్యాడు. ఒక దసరాకు అన్న, పెద్దల చేతిలో పెట్టి మొక్కే జమ్మి ఆకు పట్టుకుని బస్సెక్కి సారు ఉన్న ఊరికి వెళ్ళాడు. తలుపు తీసింది సారు భార్య. "మీ గల్లీవాళ్ళు చేసింది చాలు బాబూ" అందట. ఆకు గడప మీద పెట్టి వచ్చేశాడు. మళ్ళీ ఎప్పుడూ వెళ్ళలేదు.

తర్వాత అన్న ఛత్రినాకలో స్టీలు సామాన్ల దుకాణంలో పనికి కుదిరాడు. నిచ్చెన లేకుండా పై అరలోని గిన్నెలు దించేవాడు, ఓనరుకు అదే అన్నలో నచ్చిన గుణం. ఫ్యాన్స్ అక్కడా వదల్లేదు. బోనాలకు బిందెలు కొనే వంకతో ప్రెసిడెంటు మనవల్ని తీసుకొచ్చేవాడు. స్టీలు గ్లాసు అన్న చేతిలో పెట్టి, దూరంగా ఉన్న గంగాళం చూపించి, "అన్నా, ఒక్క బాస్కెట్! పోరగాళ్ళు చూస్తరు" అనేవాడు. అన్న వేసేవాడు. గ్లాసు గంగాళంలో పడి దుకాణం దద్దరిల్లేది, అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. నేను ఉండగా ఒకసారి అలా జరిగింది. వాళ్ళు వెళ్ళాక అన్న గంగాళం దగ్గరికి వెళ్ళి, వంగి, గ్లాసు తీసి, సొట్ట పడిందేమో వెలుతురులో తిప్పి చూశాడు. "సొట్ట పడితే నా జీతంలకెళ్ళి పట్టుకుంటరు చెల్లె" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

దినాలయ్యాక వచ్చిన ఆదివారం ఫంక్షన్ హాల్లో సంతాప సభ పెట్టారు. గోడంత ఫ్లెక్సీ, అందులో గాల్లోకి ఎగిరిన పడుచు అన్న. ముందురోజు వదిన నా చెయ్యి పట్టుకుంది. "రేపు మళ్ళ తప్పంత గా సారు మీదనే ఏస్తరమ్మా. ఆయన ఎంత చెప్పినా ఎవ్వరు నమ్మలే. నువ్వు సదువుకున్నదానివి, మైకుల చెప్పు. ఆ సారును గూడ పిలువు" అంది. రిటైరయ్యి సిటీలోనే ఉంటున్నాడని తెలిసి, నంబరు సంపాదించి నేనే ఫోన్ చేశాను. విన్నాడు. వస్తాననలేదు, రాననీ అనలేదు.

సభలో ప్రెసిడెంటు మొదట మాట్లాడాడు. ఇప్పుడాయన పెద్దమనిషి, తెల్ల లాల్చీ. వదిన భయపడిందే జరిగింది. "పాతబస్తీ బిడ్డ అని కోసేసిన్రు. సొంత గురువే గొంతు కోసిండు" అన్నాడు. గోడ మీది బ్యాచ్ బట్టతలలు ఊపింది. అప్పుడే చూశాను, తలుపు అవతల చెప్పుల దగ్గర పీడీ సారు నిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు.

నేను వెళ్ళి మైకు తీసుకున్నాను. మొక్కు ఎవరు మొక్కారో, ఎవరు ఎత్తారో, ఎవరి మీద ఎవరు పడ్డారో, స్కూటర్‌కు చెప్పులు ఎవరు కట్టారో, మనుషుల్ని చూపిస్తూ చెప్పాను. "మా అన్నను సారు తయారుచేసిండు. మనం కూలగొట్టినం. ఆ సారు అగో, గాడ నిలబడ్డడు" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు.

నిజంగానే కొట్టారు. నేనేదో బాగా మాట్లాడినట్టు, అన్న ఫ్రీత్రో వేసినట్టు కొట్టారు. ప్రెసిడెంటు అందరికంటే గట్టిగా కొట్టి, అతిథుల కోసం తెచ్చిన శాలువాల్లోంచి ఒకటి లాగి, గబగబా వెళ్ళి సారు భుజాల మీద కప్పాడు. నలుగురు ఫోన్లు ఎత్తి ఫోటోలు తీశారు. క్షమించమన్న మాట మాత్రం ఎవరి నోటి నుంచీ రాలేదు.

సారు శాలువా తీశాడు. నాలుగు మడతలు పెట్టి, పక్కనున్న ఖాళీ కుర్చీలో పెట్టాడు. మెల్లగా నడుచుకుంటూ ముందు వరసలో వదిన దగ్గరికి వచ్చాడు. స్కోర్లు అడగలేదు, ఫైనల్ సంగతి ఎత్తలేదు.

"కుడి మోకాలు, చలికాలంల బాగ నొస్తుండెనా అమ్మా?" అని అడిగాడు.

అన్న పోయిన రోజు నుంచి ఏడవని వదిన, ఆ మాటకు భళ్ళున ఏడ్చింది. ఇంతమంది ఫ్యాన్స్‌లో ఇన్నేళ్ళలో ఒక్కరు అడగని ప్రశ్న అది. వంగి తన చీర కుచ్చిళ్ళ మీద నుంచే మోకాలి లోపలి పక్క అరచెయ్యి పెట్టి, "ఇగో సార్, ఈడ" అని చూపించింది. సారు కష్టంగా కింద కూర్చుని, తల వంచి, ఆ చెయ్యి ఉన్న చోటును చూస్తూ ఉండిపోయాడు.