చీలమండ దారం

మా అమ్మకి కుడి కాలు బోదకాలు. నాకు పదేళ్ళప్పుడు కంసాలి ఇంటికొచ్చి, వాచిన కాలికి బిగుసుకుపోయిన వెండి కడియాన్ని ఆకురాయితో కోసి తీశాడు. కోనసీమలో బోదకాలు ఎవరికీ వింత కాదు. నాకు మాత్రం ఆ రోజు నుంచీ నా కాళ్ళంటేనే భయం. చీలమండ చుట్టుకొలతకి దారం తీసుకుని, కొలత దగ్గర ముడి వేసి, రోజూ పొద్దున్నే కొలుచుకునేవాణ్ణి. ఎదిగినన్నాళ్ళూ ఏటా కొత్త దారం తీసుకునేవాణ్ణి.

పంతొమ్మిదివందల యాభైల్లో, విశాఖపట్నం వైద్య కళాశాలలో లేబొరేటరీ టెక్నీషియన్ చదువుకి సీటు వస్తే, ఆ దారాన్ని కూడా ట్రంకు పెట్టెలో పెట్టుకునే వెళ్ళాను. అప్పటికే రెండుసార్లు చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టింది. బోదకాలు మొదలయ్యేది ఇలాగేనని తెలిసీ ఎవరికీ చెప్పలేదు.

బోదపురుగు పాఠం రానే వచ్చింది. ఆ పురుగు రాత్రిపూటే నెత్తుట్లో తిరుగుతుందట. "కోనసీమ వాళ్ళెవరయ్యా?" అన్నారు మేష్టారు. నేను తల దించుకున్నాను. పక్కవాడు, మహానుభావుడు, వేలు పెట్టి మరీ చూపించాడు. ఆ రాత్రి పదింటికి నా వేలు పొడిచి, గాజుపలక మీదకి నెత్తురు చుక్క తీశారు.

మర్నాడు దాని మూల నా నంబరు అంకె గీసి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి, రికార్డు రాయాల్సింది నేనే. చూశాను. ఊదారంగులో మెలికలు తిరిగి ఒకటి కాదు, రెండు. రోగిష్టివాడని ఇంటికి పంపేస్తారేమోనన్న భయం ఒకవైపు, చెవుల్లో ఆకురాయి చప్పుడు ఇంకోవైపు. "లేదు" అని రాసేశాను.

మేష్టారు వచ్చి, "ఏం కనిపించింది?" అన్నారు.

"ఆయ్, ఏమీ లేదండి."

ఆయన కన్ను పెట్టి చాలాసేపు చూశారు. తిట్టలేదు. పలకని జాగ్రత్తగా పెట్టెలో దాచి, "సాయంత్రం రా, మాత్రలిస్తాను. మానకుండా మింగాలి" అన్నారు.

"నన్ను పంపేస్తారాండీ?"

"కోనసీమ వాళ్ళని పంపేయడమంటే ముందు నాతో మొదలెట్టాలి కదరా!"

మాత్రలన్నీ మింగాను. భయం మాత్రం తగ్గలేదు.

చివరి పరీక్షలో నాకిచ్చిన పలకని చూడగానే గుర్తుపట్టాను. మూల నా చేత్తో గీసుకున్న అంకె అలాగే ఉంది. ఆ రెండు పురుగులూ అలాగే ఉన్నాయి. ఈసారి "ఉంది" అని రాశాను. నిజం రాయడానికి ధైర్యం వచ్చి కాదు. ఆ పొద్దున చీలమండకి చుట్టి కొలుచుకుంటే, దారం కొస ముడిని అందుకోలేదు.