వైరస్‌కి నేను చేసిన వైద్యం

వార్తలు కూడా బస్సెక్కి వచ్చిన కాలం అది. ఇంటర్నెట్ ఉందంటే ఉంది, ఫొటోలు మోసే ఓపిక మాత్రం దానికి లేదు. అందుకని సూళ్లూరుపేట, వాకాడు విలేకరులు పెన్‌డ్రైవ్‌ను కవర్లో పెట్టి నెల్లూరు బస్సు కండక్టరు చేతికిచ్చేవారు. మా వారపత్రిక ఆఫీసులో దాన్ని గుచ్చగానే వార్తతో పాటు వైరస్ కూడా దిగేది. ఫోల్డర్లు మాయమై, వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు మిగిలేవి. మా నాలుగు కంప్యూటర్లలో ఉన్నది డబ్బిచ్చి కొనాల్సిన కంపెనీ ఆపరేటింగ్ సిస్టమే, కాకపోతే దొంగ కాపీ. లోపాలకు కంపెనీ మరమ్మతులు పంపినా మేం తీసుకోలేం, తీసుకుంటే గుట్టు బయటపడి తెర నల్లబడుతుంది. (కిటికీ విరిగిందని తెలుసు, వడ్రంగిని పిలిస్తే పోలీసొస్తాడేమోనని భయం.)

నేను చేరి ఆరు నెలలు కావస్తోంది. పులికాట్ పక్షుల ప్రత్యేక సంచిక నాకప్పగించి, "ఇది టయానికి తెస్తే నీ ఉద్యోగం ఖాయం" అన్నారు పత్రిక యజమాని, మా పెద్దాయన. బుధవారం వైరస్ నా పక్షులన్నిటినీ మింగేసింది. విలేకరికి ఫోన్ చేసి ఫొటోలు మళ్లీ పంపమని చెప్పి, లేచి ప్రకటించాను: "దీనికి ఒకటే మందు. ఉచిత సిస్టమ్ వేద్దాం. దాని కోడ్ లోకమంతా చూస్తుంది, లోపం దాగదు."

"నువ్వు చూసినావా?" అన్నాడు కంపోజింగ్ చేసే భాయ్.

"నేను చూడలేదు గానీ..."

"అందరూ ఇంకోడు చూసుంటాడులే అనుకుంటే?"

భాయ్ మాట చెవిన పెట్టకుండా గురువారం పొద్దున్నే సీడీ పట్టుకుని కూర్చున్నాను. (వయసు అలాంటిది.) పేజీలను విడిగా దాచి, మూడు కంప్యూటర్లు శుభ్రంగా తుడిచి కొత్త సిస్టమ్ వేశాను. నాలుగోది భాయ్‌ది. "అది నిన్ననే చెడిపోయింది, దాని జోలికి పోబాకు" అని గుడ్డ కప్పేశాడు.

మధ్యాహ్నం పేజీలు తెరిచాను. వైరస్ లేదు. తెలుగూ లేదు. శీర్షికల చోట డాలర్లు, బ్రాకెట్లు, కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు. మా తెలుగు ఫాంట్లు ఒక కంపెనీ దగ్గర కొన్నవి (ఆఫీసులో నిజాయతీగా కొన్న సరుకు అదొక్కటే). అవి పాత సిస్టమ్ మీదే పనిచేస్తాయట. ఆ కంపెనీకి ఫోన్ చేస్తే "ఉచిత సిస్టమ్‌కి మా దగ్గర లేవు సార్" అన్నారు. ఉచిత సిస్టమ్ వాళ్ల చర్చావేదికలో మొరపెట్టుకుంటే "కోడ్ మీ ముందే ఉంది, మీరే రాసుకోండి" అని ఒక మహానుభావుడు ఆశీర్వదించాడు. డబ్బిచ్చి కొన్నవాడికి తిట్టడానికో ఫోన్ నంబరైనా ఉంటుంది. నేనెవర్ని తిట్టను? ప్రతి గురువారం లాగే సాయంత్రం ఆరింటికి పేజీలు ప్రెస్సుకి వెళ్లాలి.

"జొరం తగ్గింది అబ్బయా, మాట పడిపోయింది" అన్నాడు భాయ్ తెరను చూస్తూ, చేతులు కట్టుకుని.

అంతలో పెద్దాయన గుమ్మంలోకొచ్చి "పేజీలేవయ్యా?" అన్నారు. నాకూ మాట పడిపోయింది. "వస్తా ఉండాయి సార్" అని ఆయన్ని పంపించి, భాయ్ నాలుగో కంప్యూటర్ మీద గుడ్డ లాగి మీట నొక్కాడు. వైరస్‌తో సహా అది కులాసాగా లేచింది.

"చెడిపోయిందన్నావే భాయ్!"

"అనకపోతే నువ్వు చెడగొట్టేవాడివి గదా!"

నేను దాచిన పేజీలు అందులో తెరిచి, మళ్లీ బస్సులో వచ్చిన పక్షులను ఆ షార్ట్‌కట్‌ల చాటు నుంచి ఒక్కొక్కటే అలవాటుగా బయటికి లాగాడు. ఆరింటికి పది నిమిషాల ముందు పేజీలు వెళ్లాయి. నా ఉద్యోగం ఖాయమైంది. అసలు సంగతి పెద్దాయనకు ఇద్దరమూ చెప్పలేదు.

ఇప్పుడు భాయ్‌ది సూళ్లూరుపేట స్టేషన్ దగ్గర జిరాక్స్ షాపు. మొన్న వెళితే రెండు కంప్యూటర్లలోనూ ఉచిత సిస్టమే, తెలుగు ముత్యాల్లా కనిపిస్తోంది. "నువ్వు చెప్పింది నిజమే అబ్బయా. కాకపోతే గురువారం చేసినావు" అని నవ్వాడు. నా సంచీలో డబ్బిచ్చి కొన్న సిస్టమున్న లాప్‌టాప్. తెరవగానే, భద్రతా లోపం సరిచేయాలి, ఆపి మళ్లీ మొదలుపెట్టమంటారా అని అడిగింది. అప్పటి కుర్రాడైతే క్షణం ఆగేవాడు కాదు. నేను "తర్వాత" అని నొక్కాను. ఆ రోజూ గురువారమే మరి.