ఎండగట్టిన మడి

"ఈ వారంలో వాన పడితే నా పని అయిపోయినట్లే అన్నా."

అనంతపురంలో వానకు భయపడే మనిషిని నేను ఆ రోజే చూశాను. చౌడేశ్వరి మా విశ్వవిద్యాలయంలో వేరుశనగ మీద పీహెచ్‌డీ చేస్తోంది. పక్క బల్ల దగ్గర నేను నా పరిశోధన చేసుకుంటూ, గంటకోసారి ఇంటికి ఫోన్ చేసి మా పాప తిన్నదా అని అడుగుతుండేవాణ్ని.

ఆమెది ఆరో ఏడు. ఏ రకం నీళ్లు లేని బెట్టను తట్టుకుంటుందో తేలాలంటే ఒక మడికి నీళ్లు పెట్టాలి, పక్క మడిని పూతకొచ్చాక ఎండగట్టాలి. ఎండగట్టిన మడిలో వాన పడితే ఆ పంట లెక్కలోకి రాదు. అట్లా రెండు పంటలు పోయాయి. ఇదీ పోతే గడువు దాటి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. మానేద్దామంటే ఇన్నేళ్లూ వృథా. సాగిద్దామంటే గైడు సంతకం మబ్బుల చేతిలో ఉంది.

క్యాంపస్ బోరు ఎండిపోవడంతో గార్లదిన్నె దగ్గర తండ్రి హనుమంతప్ప చేలోనే మళ్లు వేసుకుంది. ఎండబెట్టేదానికి డాక్టరు చదువెందుకు, మా చేలన్నీ చూసుకోపో అని ఊళ్లో ఎగతాళి చేసేవాళ్లట.

వాన పడలేదు. పైగా ఎండగట్టిన మడిలో ఒక రకం, ప్రతి వరుసలోనూ, నడిమధ్యాహ్నం కూడా ఆకు వాల్చకుండా నిలబడింది. గైడు తొలిసారి ఆమెను కూర్చోమని, థీసిస్ రాయడం మొదలుపెట్టమన్నాడు. ఆమె ల్యాబులో అందరికీ ఉగ్గాని, బజ్జీలు తెప్పించింది.

మట్టి నమూనాలు మోయడానికి ఆ వారం నేనూ చేనుకు వెళ్లాను. ఆ రకం మొక్కల మొదళ్ల దగ్గర మట్టి తవ్విన చౌడేశ్వరి చెయ్యి ఆగిపోయింది. లోపల తడి. కూడు తెచ్చిన తల్లి ఓబమ్మను అడిగితే ఆమె ఏమీ దాచలేదు.

"పొద్దుగూకినాక బిందెతో పోస్తాండా. అన్నిటికీ కాదులే, తల వాల్చినవాటికే. నీ చెట్లు ఎండిపోతాంటే సూస్తా ఉండాల్నా?"

అంటే అన్నిటికన్నా బలహీనమైన రకం మా కాగితాల మీద అన్నిటికన్నా గట్టిదైంది. చౌడేశ్వరి తల్లి తెచ్చిన కూడు మూట విప్పింది. గట్టు మీద కూర్చుని సంగటి తిన్నది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో, ఇది ఎవరికి తెలుస్తుంది, రాసెయ్యమన్నాను నేను.

"ఆ ఇత్తనం మంచిదని రాస్తే అందరికన్నా ముందు ఏసేది మా నాయనే అన్నా."

మర్నాడు తనే గైడుకు చెప్పేసింది. ఆయన గడువు పెంచమని అర్జీ పెట్టుకోమన్నాడు. దాని సంగతి ఇంకా తేలలేదు. తేలకుండానే ఆమె అదే మడిలో మళ్లీ విత్తింది. మానుకోనూ లేదు, ముగించనూ లేదు.

మొన్న మళ్లీ ఆ చేనుకు వెళ్లాను. మధ్యాహ్నం చెట్లన్నీ వాలిపోయి ఉన్నాయి. ఓబమ్మ వాటివైపు చూడలేక ముఖం తిప్పుకుంది. పాప అన్నం తోసేసిందని ఇంటినుంచి ఫోన్ వచ్చి, నేను బస్సుకు లేచాను. చౌడేశ్వరి మా ఇద్దరికీ కలిపే చెప్పింది.

"మధ్యాన్నం తల వాల్చిందని పరిగెత్తొద్దండి. రాత్రి గడిస్తే దానంతట అదే లేస్తాది. తెల్లారి చూడండి. అప్పటికీ లేయకపోతే నేనే బిందె ఎత్తుకోమంటా."

పాప ముద్ద తోసేస్తే నేనిప్పుడు గిన్నె పట్టుకుని వెంటపడటం లేదు. తెల్లారి చూస్తున్నాను.