ఖలీల్ సార్ సరిచేసిన మెడ

ప్రశ్న అడగగానే ఒక నాయకుడు ముఖం తిప్పుకునే తీరును ఈ ఉదయం కార్టూన్ గీసే ముందు అద్దం ఎదుట నిలబడి నేనూ చేసి చూడబోయాను, మెడ పట్టేసింది. నొప్పుల మందు రాసుకుంటే ఆ ఘాటుకు కళ్లు మండి, ఖలీల్ సార్ గుర్తొచ్చారు. ఆయన గదిలో సిరా వాసన కన్నా ఈ వాసనే ఎక్కువ. ఎవరిని గీయాలన్నా ముందు ఆ మనిషిలా తానే నిలబడి, కూర్చుని, నవ్వి చూసేవారు. ఫొటో చూసి గీసేవాళ్లంటే ఆయనకు చిన్నచూపు. కామారెడ్డిలో పెళ్లి పత్రికలు అచ్చేసే ప్రెస్సులో పూలూ లతలూ గీస్తూ మొదలైన మనిషి, చుట్టుపక్కల మండలాలన్నిటికీ వెళ్లే ఒక చిన్న దినపత్రికలో ముప్పయ్యేళ్లు రోజుకో కార్టూన్ వేశారు. జుక్కల్ నుంచి మాచారెడ్డి దాకా ఆయన గీతకు చిక్కని నాయకుడు లేడు. తమను ఇంకా గీయలేదని అలిగినవాళ్లు కూడా ఉన్నారు.

అలా చిక్కినవాళ్లలో మా బాపు, అదే మా నాన్న, ఒకడు. ఎల్లారెడ్డి దగ్గర మా ఊరికి సర్పంచ్. చిన్నప్పుడు కాలిన గాయం మానుతూ మానుతూ ఆయన మెడను ఎడమకు లాగేసింది. కుడివైపు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే. ఊరికి బస్ షెల్టర్ మంజూరైతే బాపు దాన్ని బస్సు ఆగే చోట కాకుండా, తాను అమ్మకానికి పెట్టిన ప్లాట్ల ముందు కట్టించాడు. జనం ఎండలో నిలబడ్డారు, షెల్టర్ నీడలో మేకలు పడుకున్నాయి. ఖలీల్ సార్ ఊరుకుంటారా? మేకల మధ్య బాపును కూర్చోబెట్టి, మెడను ప్లాట్ల వైపు వంకర తిప్పి, కింద ‘మెడ ఎటో షెల్టర్ అటే’ అని రాశారు. అప్పుడు నేను కామారెడ్డిలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. తరగతిలో ఆ పేపరు బెంచీ నుంచి బెంచీకి తిరిగింది. ఒకడు మెడ వంచి నడిచి చూపించాడు కూడా. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. నేరుగా పత్రిక ఆఫీసుకు వెళ్లాను.

నా అరుపులన్నీ సార్ కుర్చీలో కూర్చుని విన్నారు. చివరికి ఒకటే అడిగారు, ఆ మెడతో మీ బాపు చాయ్ ఎట్లా తాగుతాడని. గ్లాసును ఎడమ భుజం దగ్గరికి తెచ్చుకుని, ఒళ్లంతా వెనక్కి వాల్చి తాగుతాడని చెప్పాను. ఆయన వెంటనే మెడ ఎడమకు వంచి, అలాగే బిగబట్టి, బల్ల మీది చాయ్ అందుకున్నారు. మొదటి గుక్కకే సగం చొక్కా మీద ఒలికింది. పొగలు కక్కే చాయ్. తుడుచుకోకుండానే రెండో గుక్క ప్రయత్నించారు, అదీ ఒలికింది. తిట్టడానికి వచ్చిన నేనే బల్ల మీది పాత పేపరు తీసి ఆయనకు అందించాను.

"మెడ నా తప్పు బిడ్డా," అన్నారు గ్లాసు దించి. "మీ బాపు చెయ్యనిదాన్ని గీసిన. షెల్టర్ మీ బాపు చేసిండు. దాన్ని మాత్రం ఇడిసిపెట్ట."

రెండు రోజులకు అదే కార్టూన్ మళ్లీ వచ్చింది. అదే షెల్టర్, అవే ప్లాట్లు, అవే మేకలు. బాపు మెడ మాత్రం నిటారుగా ఉంది. గెలిచాననుకుని ఇంటికి వెళితే బాపు ముఖం మాడిపోయి ఉంది. మొదటి బొమ్మను ఆయన ఊరంతా తిప్పి, తన అవిటితనాన్ని వెక్కిరిస్తున్నారని చెప్పుకున్నాడట. అందరూ అయ్యో పాపం అన్నారు, షెల్టర్ మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు అందరూ షెల్టర్ సంగతే అడుగుతున్నారు. మెడ గురించి పేపరాయనకు నువ్వే చెప్పావా అన్నాడు. అవునన్నాను. నెల రోజులు నాతో మాట్లాడలేదు. నాకు బాపు అంటే ప్రాణం. ఆయన చేసింది తప్పేనని ఒప్పుకోవడం ఆ మౌనం కన్నా కష్టమైంది.

మళ్లీ ఆఫీసుకు వెళ్లి, మీ మంచితనం మా కొంప ముంచిందని సార్‌తో అన్నాను.

"ఒంటిని ఎక్కిరిస్తే ఆ మనిషి దాక్కునేటందుకు మనమే జాగ ఇచ్చినట్టు," అన్నారాయన. "నేను ఇచ్చిన. మల్ల గుంజుకున్న."

ఆ మాట విన్నాకే నాకు ఈ పని నేర్చుకోవాలనిపించింది. డిగ్రీ అయ్యేదాకా సాయంత్రాలు ఆయన పక్కనే కూర్చున్నాను. నేను గీసిన బట్టతలలూ ఎత్తుపళ్లూ కొట్టేసి, ఈయన ఏం చేసిండు అని అడిగేవారు. జవాబు చెప్పలేకపోతే కాగితం నా ఒళ్లో పడేది. లోపల ఎంత తిట్టుకున్నానో నాకే తెలుసు. కానీ ఇవాళ నా బొమ్మ చూసి మండిపడేవాళ్లు ఎందరున్నా, అబద్ధం గీసిందని అనగలిగినవాళ్లు లేరు. ఆ ధీమా ఆయన పెట్టిన భిక్షే.

పోయినేడు సార్ పోయారు. కబురు తెలిసి బాపు బస్సెక్కి కామారెడ్డి వచ్చాడు. వాళ్లిద్దరూ ఎన్నడూ ఎదురుపడి మాట్లాడుకోలేదు. జనాజాను భుజాలకెత్తుకుని తీసుకెళ్లాక, ఆ ఇంటి ముందు బాపు తన కుడిపక్కన ఉన్న నా వైపు మనిషి మొత్తం తిరిగాడు.

"నా మెడ జూసి నవ్వినోళ్లున్నరు, పాపమన్నోళ్లున్నరు," అన్నాడు. "మెడను పక్కకు వెట్టి నన్ను తిట్టినోడు ఈయనొక్కడే."

మనిషిని మనిషిగా చూసి తిట్టడమే సార్ నాకిచ్చిన విద్య. నేను దాని మీదే బతుకుతున్నాను.