పేరయ్య కుదిర్చిన సంబంధం

రుజువు కాలేదని తెలిసిన మాట పక్కన తన పేరు అచ్చు వేస్తుంటే చూస్తూ కూర్చున్నవాణ్ణి మంచివాడనాలా, చేతకానివాడనాలా? ఇన్నేళ్ళయినా తేలని ప్రశ్న ఇది.

పరిశోధనశాలలో ఆయన్ను అందరూ పెళ్ళిళ్ళ పేరయ్య అనేవారు. కొత్త జ్వరం ఏదైనా పుట్టుకొస్తే, దాని క్రిమి ఒంటిమీది గుంటల ఆకారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఇప్పటికే దుకాణాల్లో ఉన్న మందుల్లో ఏది ఆ గుంటలో ఇమిడి క్రిమి ఆట కట్టిస్తుందో వెతకడం ఆయన పని. కొత్త మందు తయారవడానికి ఏళ్ళు పడుతుంది. పాత మందయితే మనుషులు మింగి బతికే ఉన్నారని ముందే తెలుసు.

"ఈడూజోడూ చూడటం వరకే నా వంతు. కాపురం నిలుస్తుందో లేదో గాజుగిన్నెలో కణాల మీద పరీక్షించి చూడాలి" అనేవాడు.

ఆ ఏడు జ్వరం రానే వచ్చింది. కంప్యూటర్ ఒక కీళ్ళవాతం మాత్రను అన్నిటికంటే పైన నిలబెట్టింది. పేరయ్య ఉలిక్కిపడ్డాడు. వాళ్ళక్క రోజూ వేసుకునే మాత్ర అదే. అది లేకపోతే ఆవిడ వేళ్ళు కొయ్యబారిపోతాయి, జడ కూడా అల్లుకోలేదు.

పరిశోధనశాల అధిపతిని చాటున మైకాసురుడనేవారు. మైకు కనబడితే ఆయనకు ఆకలిదప్పులుండవు. ఆ మాత్రతో జ్వరం కుదురుతుందని పత్రికలకిచ్చే ప్రకటనలో పేరయ్య రాసిన "ఇంకా పరీక్షించలేదు" అన్న వాక్యాన్ని పేరయ్య ఎదుటే కొట్టేశాడు.

"అదొక్కటీ ఉంచండి సార్."

"శుభం పలకవయ్యా అంటే అపశకునం పలుకుతావేంటి? నీ పేరు కూడా వేస్తున్నా, సంతోషించు."

పేరయ్య సంతోషించలేదు. వెళ్ళి తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

ఇంకేముంది, ఊరు ఊరంతా మందుల షాపుల మీద పడింది. ఒంట్లో నలతయినా లేనివాళ్ళు అట్టలకు అట్టలు కొని బీరువాల్లో చీరల కింద దాచారు. జ్వరం రాకముందే మతి పోయింది జనానికి. అక్క దగ్గరున్న మాత్రలు కాస్తా అయిపోయాయి.

మంచినీళ్ళ గ్లాసు రెండు చేతులా పట్టుకుని అడిగిందావిడ. "ఒరే తమ్ముడూ, నా మాత్రకి పెళ్ళి చేసింది నువ్వేనటగా?"

"నేను కాదక్కా, కంప్యూటరు."

"దానికి అక్క లేదురా. నీకుంది."

ఈలోగా గాజుగిన్నెల్లో మనిషి కణాలు పెంచే ఆవిడ ఫలితం పట్టుకొచ్చింది. "క్రిమి చచ్చింది సార్. అయితే ఆ మోతాదుకి కణాలూ చచ్చాయి. ఎలకల బాధకి ఇల్లు తగలెట్టినట్టుంది వ్యవహారం."

"పేరయ్య సన్మాన సభ అయ్యాక చూద్దాం లేమ్మా. పెద్దవాళ్ళని పిలిచేశాం" అన్నాడు మైకాసురుడు. ఆయనకు జ్వరం కంటే సభ ముఖ్యం.

సభ ఘనంగానే మొదలైంది. ముందు వరస కుర్చీలకు తెల్లటి తొడుగులు, ఒక్కో కుర్చీలో ఒక్కో సంచి. పేరయ్య తన సంచిలోకి తొంగిచూశాడు. ఓ జ్ఞాపిక, ఓ పెన్ను, వాటి కింద అక్క మాత్రల డబ్బా! షాపుల్లో దీపం పెట్టి వెతికినా దొరకని సరుకును మైకాసురుడు ముందే తెప్పించి అతిథులకు కానుకగా సర్దించాడు.

"మా పేరయ్యంత నిరాడంబరుడు..." అంటూ మైకాసురుడు మైకు అందుకున్నాడు. పేరయ్య లేచాడు. పెద్దలు రాక ఖాళీగా మిగిలిన కుర్చీల వెంట నడుస్తూ, సంచుల్లోంచి డబ్బాలు మాత్రం తీసి తన సంచిలో వేసుకోసాగాడు. చివరి కుర్చీలో ఒకాయన కూర్చునే ఉన్నాడు.

"మీకు కీళ్ళనొప్పులా సార్?"

"అబ్బే, లేవే!"

"అయితే ఇలా ఇవ్వండి."

సేకరణ ఏదో జరుగుతోందనుకుని ఆ పెద్దమనిషి చక్కా ఇచ్చేశాడు.

వేదిక మీదికి రావలసిందిగా పేరయ్యను పిలిచారు. చప్పట్లు మోగాయి. మైకాసురుడు చెయ్యి చాచి నిలబడ్డాడు. మళ్ళీ పిలిచాడు. పేరయ్య కుర్చీలో సంచిలోంచి తీసి పెట్టిన జ్ఞాపిక, పెన్ను మాత్రమే ఉన్నాయి. నిజం చెప్పడానికి మైకు అక్కడే ఉంది, వినడానికి జనమూ ఉన్నారు. ఆయన మాత్రం సంచి చంకలో పెట్టుకుని, కణాలావిడ "ఎక్కడికి సార్?" అని అడుగుతున్నా ఆగకుండా, వెనక తలుపు తోసుకుని అక్క ఇంటి దారి పట్టాడు.