చీమ వంతు రాలేదు

ఈ ఉదయం కేసముద్రం దాటాక బస్సు కిటికీలోంచి చూస్తే, రోడ్డు పక్కన పరిచిన టార్పాలిన్ పట్టాల మీద మిరపకాయలు ఎండబోసి ఉన్నాయి. ఒక చిన్నపిల్ల కాళ్లతో వాటిని తిరగేస్తోంది. ఘాటుకు బస్సంతా తుమ్మింది. నాకు మాత్రం చేపలు గుర్తొచ్చాయి.

కొన్నేళ్ల కిందట మహబూబాబాద్ దగ్గర ఒక తండా బడిలో పాఠాలు చెప్పేదాన్ని. నలుగురిలో నోరు విప్పాలంటే వణికే నేను టీచరునయ్యానంటే ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. పిల్లల ఇంటి భాష వేరు. నా తెలుగేమో రెండో వరుస దాటి వినపడేది కాదు. అందుకే ఏడు చేపల కథను చెప్పడం మానేసి ఆడించాను. ఏడుగురు చేపలై వరండా ఎండలో పడుకున్నారు. ఆవు వేషం కట్టిన పిల్ల నిజంగానే గడ్డి నమిలి ఉమ్మేసింది. మిగిలినవాళ్లు మిరపకాయల్ని తిప్పినట్టు చేపల్ని దొర్లించి, "టీచర్, తొడిమెలు తియ్యాల్నా?" అని అడిగారు. చేప ఎందుకు ఎండలేదంటే గడ్డి అడ్డమొచ్చింది, గడ్డి ఎందుకుందంటే ఆవు మేయలేదు... అలా అడుగుతూ పోతే బువ్వ పెట్టని అవ్వ, ఏడ్చిన పిల్ల, చివరికి ఆ పిల్లను కుట్టిన చీమ. ఏడ్చే వేషానికి ఎవరూ ఒప్పుకోలేదు. బడిలో ఎన్నడూ తెలుగు మాట్లాడని ఒక పిల్ల లేచి నిలబడింది. కొన్నాళ్లకే కథంతా ఆమె నోట్లో ఆడుతోంది.

అప్పుడొచ్చాడు వాళ్ల నాయిన. "మిర్చి ఏరవోతున్నం మేడం. పిల్లను గూడ తోల్కపోతం."

"ఇక్కడే ఉంచన్నా. ఇప్పుడిప్పుడే మాట్లాడుతోంది."

"ఎవలకాడ ఉంచాలె? మా అవ్వ దవాఖానల వడె."

"హాస్టల్లో?"

"అడిగినం. గింత చిన్నదాన్ని తీస్కోం అన్నరు."

పోయే ముందు ఒక్కసారి దాని ఆట చూడమని బతిమాలాను. పిల్లలాట బతుకుదెరువును ఆపుతుందా? ఆపుతుందనే రాత్రంతా అనుకున్నాను.

మర్నాడు ఆటోలో మూటలు వేసి, ఆయన వరండా పక్కన నిలబడ్డాడు. చేప ఎండలేదు, ఆవు మేయలేదు. ప్రశ్న అవ్వను దాటి ఆ పిల్ల దగ్గరికొచ్చింది.

"పిల్లా పిల్లా, ఎందుకేడ్చినవ్?"

చీమ కుట్టిందని చెప్పాలి. ఆమె ఆటో వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, తెలుగులోనే, "మిర్చికి పోను టీచర్," అంది. అది కథలోది కాని ఆమె మొదటి తెలుగు మాట. ఇక ఏడుపు ఆగలేదు.

"మంచిగ మాట్లాడుతది మేడం మా బిడ్డ," అన్నాడు వాళ్ల నాయిన, కండువాతో కళ్లొత్తుకుంటూ. ఆమెను ఎత్తుకుని ఆటో ఎక్కాడు.

చేపలన్నీ లేచి దుమ్ము దులుపుకున్నాయి. నెత్తిన నల్లకాగితం కొమ్ములతో చీమ మాత్రం తన చోటనే నిలబడి ఉంది.

"టీచర్, నన్నెవలు అడుగుతరు?"

బస్సు మలుపు తిరిగాక తోచింది, ఆ పిల్ల ఇప్పుడు అంత చిన్నగా ఉండదని. కాలం ఆమెను ఏ చేలల్లోనో పెంచుకుంటూ పోయింది. నా దగ్గర మాత్రం అదే వరండా, అదే ఎండ, వంతు కోసం ఇంకా నిలబడే ఉన్న చీమ.