దుబాయ్ థర్మామీటర్

ఎనభైల్లో మేం ఏలూరు నుంచి అమీర్‌పేటకు కాపురం వచ్చిన కొత్త. ఒక మధ్యాహ్నం మా ఏడాది బాబుకు చలిజ్వరం వచ్చింది. మావారు లక్డీకాపూల్ ఆఫీసులో ఉన్నారు. జాడిస్తుంటే గోడకు తగిలి మా థర్మామీటర్ పగిలింది. పక్కవాటాలో ఉండే హసీనా ఆపా, వాళ్లాయన దుబాయ్ నుంచి తెచ్చినది ఇచ్చింది.

చంకలో పెట్టి చూస్తే పాదరసం ముప్పై తొమ్మిది దగ్గర ఆగింది! తొంభై ఎనిమిది ఉండాల్సిన ఒళ్లు ముప్పై తొమ్మిదా? పాదాలు ముట్టుకుంటే మంచుగడ్డల్లా ఉన్నాయి. బిడ్డ చల్లబడిపోతున్నాడని నా పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు రగ్గులు కప్పి, కిటికీలు మూసి, వేడినీళ్ల సీసా పక్కన పెట్టాను. కాసేపటికి వాడు కళ్లు తేలేశాడు.

"ఆపా!" అని కేక పెట్టాను.

ఆమె పరుగున వచ్చి రగ్గు కింద చెయ్యి పెట్టింది. "అయ్యో, కడుపు పెనం లెక్క కాలుతుంది! గిన్ని కప్పినవేంది? జల్దీ తియ్యి!"

"ముప్పై తొమ్మిదే చూపిస్తోంది ఆపా!" అన్నాను ఏడుస్తూ.

"గా గొట్టం సంగతి నాకు తెల్వదు. నా చెయ్యికి తెలుసు."

ఆటోలో దారంతా తడిగుడ్డతో ఆమే వాడి ఒళ్లు తుడిచింది.

పంజాగుట్టలో డాక్టరుగారు థర్మామీటర్ చూసి, "ఇది సెంటీగ్రేడ్‌దమ్మా! మన లెక్కలో నూటరెండు దాటింది. అలాగే కప్పి ఉంచితే ఏమయ్యేదో!" అన్నారు. బాబు తేరుకుని ఏడ్చేదాకా నేను ఊపిరి పీల్చుకోలేదు.

ఆపా బడిముఖం చూడలేదు. నేను బీఎస్సీ ఫిజిక్సు. సెంటీగ్రేడును ఫారన్‌హీట్‌లోకి మార్చే లెక్క పరీక్షలో ఒక్కసారీ తప్పలేదు. ఆ మాట ఆ రోజు డాక్టరుగారికి చెప్పలేదు. ఇన్నేళ్లకు మీకు చెబుతున్నాను.